బట్టమేక పిట్టకు సంజాయిషీ నోటీసు

ఆదివారం తెల్లవారగానే ఓబుళపతి కారు స్టార్టు చేశాడంటే, ఆ వీధిలో పాలు పోయించుకుంటున్న ఆడవాళ్ళంతా పక్కసీట్లో కూర్చున్న సువర్ణమ్మ వంక జాలిగా చూసేవాళ్ళు. వారమంతా కలెక్టరాఫీసు బి సెక్షన్లో సూపరింటెండెంటుగా ఫైళ్ళు కదలకుండా చూసుకునే మనిషి, ఆదివారం మాత్రం తాను ఒకచోట కుదురుగా కూర్చోలేక, మెడలో బైనాక్యులర్సు, ఒళ్ళో పక్షుల పుస్తకం, వెనకసీట్లో పులిహోర డబ్బాతో జిల్లా మీద పడేవాడు. ఆయనకు పక్షుల పిచ్చి అని వీధిలో అనుకునేవాళ్ళు గానీ అది సరైన మాట కాదు. పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళు ఒక కాకిని ఒకసారి చూసి ఊరుకుంటారు. ఓబుళపతిది మండలాల వారీ పిచ్చి. ఒక మండలంలో చూసిన కాకి పక్క మండలానికి చెల్లదు. పక్క మండలం కాకిని ఆ మండలం హద్దురాయి దాటిన తర్వాతే చూడాలి. అందుకని ప్రతి హద్దురాయి దగ్గరా కారు ఆగేది. ఆయన దిగి కాకినీ, గోరువంకనీ, పిచ్చుకనీ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చూడనట్టు చూసి, రాసుకుని, మళ్ళీ ఎక్కేవాడు.

"ఇది ఇందాకటి కాకే గదండీ. మన పులిహోర వాసనకి ఎనకాలే వచ్చినట్టుండాది," అనేది సువర్ణమ్మ.

"వచ్చినా నష్టం లేదులే. హద్దు దాటినాక అది ఈ మండలం కాకి."

సువర్ణమ్మ చెల్లెలి ఊరు తిన్నగా పోతే గంట దూరం. కానీ ఆ దంపతులు ఆ ఊరికి తిన్నగా పోయిన రోజు లేదు. పొద్దున బయల్దేరి, మధ్యలో రెండు మండలాలకు నీటికోడి బాకీ ఉందనీ, మూడో మండలంలో ఇంతవరకూ గిజిగాడు పడలేదనీ, చెరువుగట్లన్నీ తిరిగి, చెల్లెలు వడ్డించిన భోజనం రెండుసార్లు వేడి చేశాక చేరేవాళ్ళు. ఆ చెల్లెలు మొదట్లో బావగారి మీద అలిగేది. తర్వాత తర్వాత ఆదివారం మధ్యాహ్నం భోజనం వండటమే సాయంత్రం మొదలుపెట్టేది.

ఈ పిచ్చి ఉన్నవాడు ఊళ్ళో ఆయనొక్కడే అయితే ఇల్లాలే ఆయన్ను చక్కదిద్దుకునేదేమో. కానీ అలాంటివాళ్ళు ఇంకొందరుండి, అంతా కలిసి జిల్లా పక్షి వీక్షకుల సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు ఖాదర్‌బాషా. సంఘం ఆఫీసు ఆయన క్లినిక్కే. జిల్లాలో ఎవరెన్ని రకాల పక్షుల్ని చూశారో రాసిన బోర్డు ఒకటి ఆయన వెయిటింగ్ రూములో వేలాడుతూ ఉండేది. పంటినొప్పితో వచ్చినవాళ్ళు దవడ పట్టుకుని ఆ బోర్డు చదువుకునేవాళ్ళు. అందులో మొదటి పేరు ఓబుళపతిది. రెండో పేరు ఖాదర్‌బాషాది. ఇద్దరికీ తేడా ఒకే ఒక్క పిట్ట.

ఆ పిట్ట బట్టమేక పిట్ట.

దాని కోసం ఓబుళపతి నల్లగుట్ల బీడు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగాడు. బీడంటే మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా రేగుపొదలు, మధ్యలోంచి ఒక బండిబాట. ఒక వానాకాలం పొద్దున ఆ బాట మీద నిలబడి ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటుండగా గడ్డిలోంచి అది తల ఎత్తింది. చిన్నపిల్లవాడంత ఎత్తు, తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ. తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరులాగా అటూ ఇటూ చూస్తూ, ఎవరి కోసమూ తొందరపడకుండా నాలుగడుగులు వేసింది. ఓబుళపతి చేతిలో మూత ఒరిగి టీ అంతా సువర్ణమ్మ చీర మీద పడింది. ఆమె అరవబోయి, ఆయన మొహం చూసి ఊరుకుంది. ఓబుళపతి ఏడుస్తున్నాడు. పెళ్ళైనప్పటినుంచి ఆ మనిషి కంట్లో ఆమె నీళ్ళు చూడటం అదే మొదలు, ప్రమోషను లిస్టులో పేరు తప్పిపోయిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

ఆ తర్వాత ఆ పిట్టను ఆ బీడులో ఎవరూ చూడలేదు. అటవీశాఖ వాళ్ళు మాత్రం బీడు మొత్తాన్నీ దాని పేరున వదిలేసి, దాని బొమ్మతో ఒక బోర్డు పెట్టారు. పిట్ట లేకపోయినా బోర్డు ఉంది గనక గడ్డి మిగిలింది, గడ్డి ఉంది గనక ఇంకెన్నో పిట్టలు మిగిలాయి.

ఇంతలో జిల్లాను రెండు చేశారు.

కొత్త జిల్లా హద్దు ఎటు పోయిందని ఊళ్ళో అందరూ అడిగారు. ఆస్పత్రి ఎటు, కోర్టు ఎటు, కాలేజీ ఎటు అని బెంగపడ్డారు. ఓబుళపతి మ్యాపు తెరిచి నల్లగుట్ల బీడు ఒక్కటే చూశాడు. హద్దు సరిగ్గా బండిబాట మీదుగా పోయింది. ఆయన నిలబడి టీ పోసుకున్న వైపు పాత జిల్లా. పిట్ట తల ఎత్తిన తూర్పు వైపు కొత్త జిల్లా.

ఆ వారమే ఆయనకు పన్ను సలిపింది. కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, లైటు మొహం మీదికి లాగాక ఖాదర్‌బాషా నింపాదిగా విషయానికొచ్చాడు.

"సార్, మీ బట్టమేక పిట్టను బోర్డులోంచి తీసేసినా. ఏమనుకోవద్దండి."

"ఆ... ఊ..." అన్నాడు ఓబుళపతి.

"మీరు నిలబడింది మన జిల్లాలోనే, కాదనను. కానీ పిట్ట కాళ్ళు యాడుండాయో అదే దాని జిల్లా. మీ కాళ్ళతో సంఘానికి పని లేదు. నేను మా మిద్దె మీద నిలబడి చంద్రుణ్ణి చూస్తాన్నా. అంతమాత్రాన చంద్రుడు మా వార్డులోకి వస్తాడా?"

ఓబుళపతి చేతులు ఊపాడు. ఖాదర్‌బాషా మిషను ఆన్ చేశాడు.

బయటికొచ్చేటప్పుడు బోర్డు చూశాడు. మొదటి పేరు ఖాదర్‌బాషాది. బీడులో బాటకు అవతల చూసిన మిగతా పిట్టలన్నీ కొత్త జిల్లాకు పోవటంతో తన పేరు ఎక్కడో కింద, ఆర్నెల్ల కింద బైనాక్యులర్సు కొన్న ఇన్సూరెన్సు ఏజెంటు పేరు తర్వాత ఉంది. మిగతా పిట్టలు పోయినందుకు ఆయనకు బాధ లేదు. అవి మళ్ళీ ఏ మండలంలోనో దొరుకుతాయి. బట్టమేక పిట్ట ఇక ఈ జన్మలో దొరకదు. అది తన జిల్లాది కాదంటే, ఆ రోజు తాను ఏడ్చిన ఏడుపు కూడా తన లెక్కలోంచి పోయినట్టే ఉంది ఆయనకు. ఇలాంటి పరిస్థితిలో బుద్ధున్నవాడెవడైనా ఇంకో డాక్టరు దగ్గర పన్ను చూపించుకుంటాడు. ఓబుళపతి ప్రభుత్వోద్యోగి గనక అర్జీ రాశాడు.

అప్పటికి ఉమ్మడి జిల్లా ఆస్తులను రెండు జిల్లాలకూ పంచే పని ఆయన సెక్షనే చూస్తోంది. కుర్చీలు, బీరువాలు, జీపులు, తుప్పుపట్టిన టైపు మిషన్లు అన్నీ జనాభా నిష్పత్తిలో పంచేశారు. మూడుకాళ్ళ కుర్చీ ఒకటి కొత్త జిల్లాకు పోయింది. దాని నాలుగో కాలు వేరే స్టోరులో నమోదై ఉన్నందున ఇక్కడే ఉండిపోయింది. సిబ్బందిని కూడా స్థానికత చూసి, సీనియారిటీ చూసి, ఆప్షన్లు అడిగి పంచారు. ఆ రూల్సులో ఓబుళపతిని మించినవాడు రెండు జిల్లాల్లోనూ లేడని పేరు. నిద్రలో తట్టి లేపి అడిగినా రూలు నంబరుతో సహా చెప్తాడని అనేవాళ్ళు. తట్టి లేపేవాళ్ళు ఆయన సీటు దగ్గరికే వచ్చేవాళ్ళు.

అర్జీలో ఆయన అడిగింది చిన్న విషయం. అన్నిటినీ పంచారు, పక్షులను పంచటం మరిచారు, కాబట్టి వాటినీ పంచి, నల్లగుట్ల బీడు బట్టమేక పిట్టను పాత జిల్లాకు కేటాయిస్తూ ఉత్తర్వులు ఇప్పించవలెనని ప్రార్థన. సోమవారం గ్రీవెన్సులో క్యూలో నిలబడి ఇచ్చాడు. అర్జీ మీద ముద్రపడి, నాలుగు బల్లలు తిరిగి, బుధవారానికి బి సెక్షనుకు, అంటే ఆయన బల్ల మీదికే వచ్చింది. చదివితే అర్జీదారు చాలా తెలివైనవాడిలా కనిపించాడు. అయినా రూలు రూలే. ఫోను నంబరు రాయలేదని ఆక్షేపణ తెలుపుతూ అర్జీదారుకు మెమో పంపించాడు. ఆ మెమోను ఇంటి దగ్గర సువర్ణమ్మ సంతకం పెట్టి తీసుకుంది.

"మీరు పక్కగదిలో మంచమ్మీద కూర్చోని ఉండారు. పిలిచి అడిగుంటే చెప్తాంటిరి గదా నంబరు?"

"ఆఫీసు విషయాలు ఇంట్లో మాట్లాడకూడదు," అని ఓబుళపతి మెమోకు సమాధానం రాసుకుని, మర్నాడు ఆఫీసుకు తీసుకుపోయి తనకే ఇచ్చుకున్నాడు.

ఫైలు జిల్లా రెవెన్యూ అధికారి దగ్గరికి వెళ్ళింది. రిటైరుమెంటు దగ్గరపడ్డ డీఆర్వో ప్రపంచంలో భయపడేది ఒక్క ఆడిట్‌కే. నోట్‌ఫైలు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పక్షులు ఆస్తులా, సిబ్బందా అన్నది తేలవలసి ఉన్నది అని రాసినావు. నువ్వేమంటావు?"

"తమరు సెలవియ్యాల సార్."

"ఆస్తి అంటే నంబరు వెయ్యాలప్పా. ఎగిరేదానికి యాడ వేస్తావు నంబరు? రేపు ఆడిట్ వాళ్ళు లెక్కపెడ్తే ఒక కొంగ తక్కువొచ్చిందనుకో, నా పింఛను ఆగిపోతాది. సిబ్బంది కింద పెట్టు. సిబ్బంది సీట్లో లేకపోయినా ఎవురూ అడగరు."

అలా పక్షులు సిబ్బంది అయ్యాయి. సిబ్బంది అయ్యాక రూల్సన్నీ వర్తిస్తాయి. రెండు జిల్లాల అధికారులతో ఉమ్మడి పక్షి విభజన కమిటీ ఏర్పడింది. కొత్త జిల్లా తరఫున ఒక జాయింట్ కలెక్టరమ్మ వచ్చేది. చురుకైన మనిషి, కాఫీ చల్లారేలోపు నాలుగు తీర్మానాలు చేయించేది. ఓబుళపతి కన్వీనరు. పక్షుల పేర్లు తెలిసినవాడూ, రూల్సు తెలిసినవాడూ ఒకడే కావటం కమిటీకి కలిసొచ్చింది.

మొదటి సమావేశంలో పెద్ద చిక్కులే విడిపోయాయి. నెమలి జాతీయపక్షి కాబట్టి అది కేంద్ర సర్వీసు, దాని జోలికి వెళ్ళే అధికారం జిల్లాకు లేదు. ఇక్కడే గూడు కట్టి పిల్లలు చేసేవి స్థానికులు. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే బాతులు డెప్యుటేషను మీద వచ్చినవి, మాతృశాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెప్పించుకోవాలి. కాకులు అన్ని మండలాల్లోనూ రోజూ పారిశుద్ధ్యపు పని చేస్తున్నప్పటికీ మంజూరైన పోస్టులు లేనందున వాటిని అవుట్‌సోర్సింగుగా పరిగణించారు. పాపం కాకుల తరఫున ఎవరూ మాట్లాడలేదు.

రెండో సమావేశం కోకిల దగ్గర ఆగింది. కోకిల కాకిగూట్లో గుడ్డు పెడుతుంది. తల్లి ఒక జిల్లా, గూడు ఇంకో జిల్లా అయినప్పుడు పిల్లది ఏ స్థానికత?

"చదువు ఎక్కడ చదివిందో అదే స్థానికత. ఎగరటం ఎక్కడ నేర్చుకుందో చూడండి," అంది జాయింట్ కలెక్టరమ్మ.

"అయితే పెంపుడుతల్లి కాకి అవుటుసోర్సింగు గదమ్మా, పిల్లకు రెగ్యులర్ పోస్టు ఎట్లిస్తాం?" అన్నాడు డీఆర్వో.

ఆ అంశాన్ని రాష్ట్రస్థాయికి నివేదించారు. తర్వాత చిలకల జంటల్లో ఒకటి ఇటు, ఒకటి అటు గూడు కట్టిన సందర్భాలు బయటపడితే, స్పౌజ్ కేసుల కింద వాటిని ఒకే జిల్లాలో ఉంచటానికి కమిటీ మానవతా దృక్పథంతో అంగీకరించింది. వివాహ ధ్రువపత్రం మాత్రం తప్పనిసరి. గూడబాతులను కొత్త జిల్లా ఎక్కువ అడిగింది. బదులుగా పాత జిల్లాకు తీతువు పిట్టల్ని ఇవ్వజూపింది. తీతువులు ఏ వేళప్పుడైనా అరుస్తాయని, ఇది మ్యూచువల్ ట్రాన్స్‌ఫరు పేరుతో అంటగట్టటమేననీ డీఆర్వో మినిట్స్‌లో రాయించాడు.

చివరగా ఆప్షన్లు. ఏ ఉద్యోగినైనా అడక్కుండా కేటాయించటం కుదరదు. ప్రతి గ్రామంలోనూ పక్షులు ఎక్కువగా వాలే చెట్లకు ప్రకటనలు మేకులతో కొట్టించారు. పదిహేను రోజుల్లోగా తమ ఐచ్ఛికం తెలియపరచని పక్షులు కమిటీ నిర్ణయానికి సమ్మతించినట్టు భావించబడును. కొన్ని ప్రకటనల మీద రెట్టలు పడ్డాయి. వాటిని అభ్యంతరాలుగా తీసుకోవాలా వద్దా అని ఒక తహసీల్దారు వివరణ కోరాడు. సంతకం లేనందున తీసుకోనక్కర్లేదని ఓబుళపతి సమాధానం పంపాడు.

ఆయన అప్పట్లో చాలా ఉషారుగా ఉండేవాడు. ఆదివారాలు ఇప్పుడు ఆఫీసు జీపులోనే తిరిగేవాడు. సువర్ణమ్మ చెల్లెలు ఫోను చేసి, బావగారు ఈ మధ్య రావటం లేదేమని అడిగింది.

"పిట్టల్ని పంచిపెట్టే పనిలో ఉండాడే. అయిపోతానే అలవాటు ప్రకారం సాయంత్రానికి వస్తాడులే," అంది సువర్ణమ్మ.

ఇదంతా దేనికోసం మొదలైందో ఆ అంశం ఆఖరి సమావేశానికి వచ్చింది. బట్టమేక పిట్ట. ఓబుళపతి దాని మీద మిగతా పక్షులన్నిటికీ కలిపి రాసినదానికన్నా పొడుగు నోట్ రాశాడు. పిట్ట తూర్పు వైపు నిలబడినప్పటికీ పడమటి వైపు మొహం పెట్టి ఉన్నందునా, వేసిన అడుగులు బండిబాట దిశగానే వేసినందునా, పాత జిల్లాలో చేరాలన్న దాని ఉద్దేశం స్పష్టమని వాదించాడు. ప్రత్యక్షసాక్షిగా భార్య చీర మీది టీ మరకను కూడా ఉదహరించాడు. డీఆర్వో తల ఊపాడు. ఆయన ఒప్పుకున్నట్టే ఉంది. ఓబుళపతి మనసులో అప్పుడే ఖాదర్‌బాషా క్లినిక్‌లో బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

"అది సరే," అంది జాయింట్ కలెక్టరమ్మ. "ఇప్పుడా పక్షి ఎక్కడ డ్యూటీ చేస్తోంది?"

డీఆర్వో కన్వీనరు వంక చూశాడు.

"ఆఖరి హాజరు ఎప్పుడు?"

"నేను... అర్జీదారు చూసిన రోజే మేడం," అన్నాడు ఓబుళపతి.

"అంటే ఆరేళ్ళు దాటింది. సెలవుచీటీ ఉందా? లేదు. ఇంతకాలం అనుమతి లేకుండా రాకపోతే సర్వీసు రూల్సు ఏమంటాయి?"

ఇక్కడ ఓబుళపతి నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. మీరూ నేనూ అయితే మూసుకునేవాళ్ళం. కానీ పాతికేళ్ళుగా రూలు అడిగిన మరుక్షణం ఆ నోరు దానంతటదే తెరుచుకుంటోంది. చేతిలో ఏ ఫైలుందో, అందులో ఎవరి పేరుందో చూసుకునే అలవాటు దానికి లేదు.

"ఐదేళ్ళకు మించి అనధికారికంగా గైర్హాజరైన ఉద్యోగి రాజీనామా చేసినట్టుగా భావించబడును," అని గడగడా అప్పజెప్పేశాడు. రూలు నంబరు కూడా చెప్పాడు.

"వెరీ గుడ్," అంది ఆమె. "అయితే బట్టమేక పిట్ట రాజీనామా చేసింది. పోస్టు రద్దు. దానికి కేటాయించిన క్వార్టర్సు ఖాళీ చేయించాలి. నల్లగుట్ల బీడే కదా క్వార్టర్సు? గోదాములకు స్థలం లేక నెలల తరబడి వెతుకుతున్నాం. కన్వీనరు గారూ, ఉత్తర్వుల డ్రాఫ్టు రేపటికి పెట్టండి. ఇంత క్లిష్టమైన విషయాన్ని ఒక్క రూలుతో తేల్చినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను."

కమిటీ చప్పట్లు కొట్టింది. ఓబుళపతి కూడా రెండు చప్పట్లు కొట్టి, కొడుతున్నది తానేనని తెలిసి ఆపాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. జరిగింది చెప్పాడు. సువర్ణమ్మ వింటూ వింటూ గరిటె కింద పెట్టింది.

"గోదాములా? ఆ బీడులోనా?"

"ఊఁ."

"ఆ గడ్డిలో కంజుపిట్టలు పిల్లల్ని ఏసుకొని బాట దాటుతుంటే మనం కారు ఆపి ఎంతసేపు చూసినాం! అంతా చదును చేస్తారా?" ఆమె ఆయన ఎదురుగా కూలబడింది. "మీ బోర్డు మీద మీ పేరు పైకి రావాలని అర్జీ పెడ్తిరి. ఇప్పుడు దాని ఇల్లే తీసేస్తిరి. ఇన్నేండ్లు మీ ఎంట తిరిగినా నేను, పిట్టల మీద ప్రేమనుకొని తిరిగినా."

ఓబుళపతి తల వంచుకున్నాడు. సిగ్గేసింది. ఆ సిగ్గుకు మండలమూ లేదు, హద్దూ లేదు, ఒళ్ళంతా వేసింది.

"పాపం, యాడుందో ఏమో," అంది సువర్ణమ్మ గరిటె మళ్ళీ అందుకుని. "ఉద్యోగం పోయిందన్న సంగతన్నా తెలుసో లేదో దానికి."

ఆయన చప్పున తలెత్తాడు. అన్నం కలుపుకుని గబగబా తిన్నాడు.

మర్నాడు డీఆర్వో బల్ల మీద ఉత్తర్వుల డ్రాఫ్టు బదులు ఇంకో నోట్ ఉంది. ఏ ఉద్యోగినైనా తొలగించేముందు సంజాయిషీ అడుగుతూ నోటీసు ఇవ్వాలి. సదరు పక్షికి ఇవ్వలేదు. ఇవ్వకుండా తొలగిస్తే కోర్టులో నిలవదు. నోటీసు అందాక జవాబుకు పదిహేను రోజులు గడువు. జవాబు రాకపోతే తొలగింపు, బీడు స్వాధీనం. రిజిస్టర్ పోస్టులో పంపటానికి డోరు నంబరు లేదు. తలుపుకు అంటించటానికి తలుపు లేదు. పత్రికా ప్రకటన అక్షరాస్యులకే వర్తిస్తుంది. కాబట్టి నోటీసు స్వయంగా, చేతికి, ఈ సందర్భంలో కాలికి, ఇచ్చి ముద్ర తీసుకోవలెను.

"ఇచ్చేదాకా?" అన్నాడు డీఆర్వో.

"ఇచ్చేదాకా ఉత్తర్వులు నిలుపుదల సార్. ఇయ్యకుండానే స్వాధీనం చేసుకుంటే ఆడిట్ అబ్జెక్షను."

ఆడిట్ అన్న మాట వినగానే డీఆర్వో పెన్ను మూత తీశాడు. కొత్త జిల్లా జాయింట్ కలెక్టరమ్మ ఫోను చేసి గట్టిగానే మాట్లాడింది గానీ, రూలు నంబరు చదివి వినిపించాక ఆమె కూడా తగ్గక తప్పలేదు. నోటీసు ఎవరివ్వాలన్నది మిగిలింది. చిరునామాదారును మొహం చూసి గుర్తుపట్టగలిగిన ఉద్యోగి రెండు జిల్లాల్లోనూ ఒక్కడే ఉన్నాడు. అతను ప్రతి ఆదివారం నల్లగుట్ల బీడుకు వెళ్ళి, సదరు పక్షి కనబడిన వెంటనే నోటీసు అందజేసి, సోమవారం నివేదిక సమర్పించవలెనని ఉత్తర్వులు వచ్చాయి. ఇంకుప్యాడు స్టోర్సు నుంచి ఇచ్చారు.

అప్పటినుంచి ఓబుళపతి కారు హద్దురాళ్ళ దగ్గర ఆగటం మానేసింది. తిన్నగా బీడుకు పోయేది. బాట పక్కన చాప పరిచి, రెండు ప్రతుల్లో నోటీసు, ఇంకుప్యాడు, పులిహోర డబ్బా పెట్టుకుని ఇద్దరూ కూర్చునేవాళ్ళు. రెండు మూడు వారాలయ్యాక ఖాదర్‌బాషా కూడా స్కూటరేసుకుని వచ్చాడు. చాప మీద చోటిచ్చారు.

"ఒకవేళ వచ్చిందే అనుకుందాం సార్," అన్నాడు పులిహోర తింటూ. "ఎవరి లెక్కలో పడ్తాది?"

"కొత్త జిల్లా లెక్కలో."

"అంటే మీకూ సున్నా, నాకూ సున్నా."

"సున్నానే."

ఖాదర్‌బాషా ఆలోచించాడు. "పులిహోర బాగుందమ్మా," అన్నాడు సువర్ణమ్మతో.

ప్రతి సోమవారం ఓబుళపతి నివేదిక పెట్టేవాడు. చిరునామాదారు ఇంటి వద్ద లేనందున నోటీసు అందజేయలేకపోయినది. గోదాములు కాగితం మీద ఉండిపోయాయి. బీడులో గడ్డి వానకు మోకాలు దాటింది.

అలాంటి ఒక ఆదివారం పొద్దున, ముసురు అప్పుడే విడిచింది. సువర్ణమ్మ ఫ్లాస్కు మూతలో టీ పోసి భర్తకు అందించబోయి, అందించకుండా ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆమె చూస్తున్న వైపు ఆయన చూశాడు. రేగుపొదలకు ఇవతల, గడ్డి మీద తెల్లటి మెడ. నల్లటి టోపీ. అది అటూ ఇటూ చూసి, తొందరేమీ లేకుండా నాలుగడుగులు వేసి, పురుగునేదో పొడుచుకుని మళ్ళీ తలెత్తింది. ఖాదర్‌బాషా బైనాక్యులర్సు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి, చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

ఓబుళపతి జేబులో పెన్నుంది. పక్కనే నోటీసుంది. చెయ్యి అలవాటు కొద్దీ పెన్ను మీదికే పోయింది.

సువర్ణమ్మ ఆయన వంకే చూస్తోంది.

ఆయన పెన్ను వదిలేసి, నోటీసు రెండు ప్రతులూ తీసి మడత పెట్టి, పులిహోర డబ్బాలో వేసి మూత పెట్టాడు. బీడుకు వీపు తిప్పి కూర్చున్నాడు.

"సువర్ణా, నాకేం కనబడటం లేదు. డాక్టరు గారూ, మీకేమన్నా కనబడ్తాందా?"

"ఏం లేదు సార్," అన్నాడు ఖాదర్‌బాషా కళ్ళు తుడుచుకుంటూ. "గడ్డి."

సువర్ణమ్మ ఒక్కతే అటు తిరిగి కూర్చుంది. అది గడ్డిలో కలిసిపోయేదాకా చూస్తూ, ఎటు నడుస్తోందో, ఏం తింటోందో చిన్నగా చెప్తూ ఉంది. వాళ్ళిద్దరూ వీపులు తిప్పుకుని, టీ తాగుతూ విన్నారు.

సోమవారం ఓబుళపతి నివేదిక రాశాడు. చిరునామాదారు ఇంటి వద్ద లేరు. మళ్ళీ ఆదివారం ప్రయత్నించవలసి ఉన్నది.